హోమ్ రన్ బ్యాట్‌లో ఉందా, బంతిలో ఉందా?

పాఠకుల ప్రశ్నలు – క్రీడా విజ్ఞానం

బేస్‌బాల్ బ్యాట్ గురించి, బంతి గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నవాటిని ఏరి ఈసారి ఒకేచోట జవాబులు ఇస్తున్నాం. ఎక్కువ మంది బ్యాట్ గురించే అడిగారు. అది కంటికి కనిపించే వస్తువు కాబట్టి అలా అడగడం సహజమే. అయితే గత పదేళ్ల లెక్కలు చూస్తే హోమ్ రన్‌ల (బంతిని మైదానం ప్రహరీ దాటించే దెబ్బల) సంఖ్య పెరగడంలో, తగ్గడంలో బ్యాట్ కంటే బంతి పాత్రే పెద్దదని నా అభిప్రాయం. కారణాలు జవాబుల్లోనే వస్తాయి.

ప్రశ్న: నమస్కారమండీ. నేను భౌతికశాస్త్రం చదువుతున్న విద్యార్థిని. 2025 సీజన్ మొదట్లో న్యూయార్క్ యాంకీస్ ఆటగాళ్లు కొందరు ‘టార్పెడో బ్యాట్’ అనే కొత్త ఆకారపు బ్యాట్ పట్టారని, ఆ జట్టు ఒకే మ్యాచ్‌లో తొమ్మిది హోమ్ రన్‌లు కొట్టిందని చదివాను. ఆ బ్యాట్‌లో అంత ప్రత్యేకత ఏముంది? అది నిబంధనలకు విరుద్ధం కాదా?

జవాబు: మీరు చెప్పిన మ్యాచ్ 2025 మార్చి 29న మిల్వాకీ బ్రూవర్స్ జట్టుతో జరిగింది. యాంకీస్ 20–9 తేడాతో గెలిచారు. ఒక మ్యాచ్‌లో తొమ్మిది హోమ్ రన్‌లు ఆ జట్టు చరిత్రలోనే రికార్డు.

ముందుగా నిబంధన సంగతి చూద్దాం. అమెరికాలోని అత్యున్నత బేస్‌బాల్ లీగ్ అయిన మేజర్ లీగ్‌లో బ్యాట్ ఒకే ముక్క చెక్కతో చేసినదై ఉండాలి. ఎంత లావైన చోటైనా వ్యాసం 2.61 అంగుళాలు దాటకూడదు, పొడవు 42 అంగుళాలు మించకూడదు. చివర గుంట తొలిస్తే దాని లోతు ఒకటింపావు అంగుళానికి లోబడి ఉండాలి. ఇంతకుమించి, లావు భాగం బ్యాట్‌లో ఏ చోట ఉండాలి, చివరికి వచ్చేసరికి సన్నబడవచ్చా కూడదా అన్న షరతు ఏదీ నిబంధనల్లో లేదు. టార్పెడో బ్యాట్ ఈ ఖాళీలోంచే పుట్టింది. కనుక అది పూర్తిగా చట్టబద్ధమైనదే.

మామూలు బ్యాట్ పిడి దగ్గర సన్నగా మొదలై చివరిదాకా లావెక్కుతూ పోతుంది. దాని అత్యంత లావైన భాగం, బంతి తగలడానికి అత్యంత అనువైన చోటు, ఈ రెండూ సరిగ్గా ఒకేచోట ఉండవు. ఆటగాళ్లు స్వీట్ స్పాట్ అని పిలిచే ఆ చోటు బ్యాట్ చివరి నుంచి సుమారు ఆరేడు అంగుళాలు లోపలికి ఉంటుంది. అక్కడ తగిలిన బంతి బ్యాట్‌లో కంపనాలను చాలా తక్కువగా రేపుతుంది కాబట్టి శక్తి వృథా కాకుండా దాదాపు అంతా బంతి వేగంగా మారుతుంది. దానికి ఇవతలో అవతలో తగిలితే బ్యాట్ వణకడానికే కొంత శక్తి ఖర్చవుతుంది. చేతులు జిల్లుమనడం ఆ ఖర్చుకు గుర్తు. టార్పెడో బ్యాట్‌లో చివరన ఉన్న చెక్కను కొంత తగ్గించి, ఆ మేరకు స్వీట్ స్పాట్ ఉండే చోట చేర్చారు. బంతి ఎక్కడ తగలాలో అక్కడే ఎక్కువ చెక్క ఉంటుందన్నమాట.

దీనివల్ల రెండు లాభాలు ఉన్నాయి. తగలవలసిన చోట బ్యాట్ లావుగా ఉంటుంది కాబట్టి గురి కాస్త తప్పినా దెబ్బ పూర్తిగా చెడదు. చివరి బరువు లోపలికి జరిగింది కాబట్టి మొత్తం బరువు మారకపోయినా జడత్వ భ్రామకం తగ్గుతుంది, అంటే బ్యాట్‌ను తిప్పడం తేలికవుతుంది. బ్యాట్ తేలిగ్గా తిరిగితే బ్యాటర్ ఇంకొక్క క్షణం ఆగి, పిచ్, అంటే పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడు) వేసిన బంతి, ఎటు వస్తోందో చూసి మరీ స్వింగ్ మొదలుపెట్టగలడు. సెకనులో నాలుగైదు పదో వంతుల్లో అంతా ముగిసిపోయే ఈ ఆటలో ఆ క్షణానికి చాలా విలువ ఉంది. నష్టం కూడా లేకపోలేదు. బంతి బ్యాట్ చివర తగిలితే అక్కడ వెనక ఉండే చెక్క ఇప్పుడు తక్కువ కాబట్టి దెబ్బ మామూలు బ్యాట్ కంటే పేలవంగా పడుతుంది.

అందుకే ఇది అందరికీ పనికివచ్చే బ్యాట్ కాదు. దీని రూపకల్పనలో ముఖ్యుడైన ఏరన్ లీన్‌హార్ట్ ఎంఐటీలో భౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేసి, అధ్యాపకుడిగా పనిచేసి, తరువాత బేస్‌బాల్‌కు వచ్చినవారు. ఒక్కొక్క బ్యాటర్‌కు బంతి బ్యాట్ మీద మాటిమాటికీ ఏ చోట తగులుతోందో లెక్కతీసి, చెక్కను ఆ చోటికి జరపడం ఈ ఆలోచనకు మూలం. బంతిని పిడి వైపు ఎక్కువగా తగిలించుకునే బ్యాటర్‌కు ఇది వరం, చివరి వైపు తగిలించుకునేవారికి కాదు.

మార్చి 29 నాటి మ్యాచ్‌లో మరొక సంగతి కూడా గమనించాలి. ఆ రోజు మూడు హోమ్ రన్‌లు కొట్టిన ఏరన్ జడ్జ్ చేతిలో ఉన్నది మామూలు ఆకారపు బ్యాటే. తొమ్మిది హోమ్ రన్‌ల ఘనతనంతా టార్పెడోకే కట్టబెట్టినవారు ఈ విషయాన్ని చూడలేదు.

ప్రశ్న: బరువైన బ్యాట్‌తో కొడితే బంతి దూరం వెళ్లాలి కదా? మరి ఈనాటి ఆటగాళ్లు తేలికైన బ్యాట్‌లు ఎందుకు వాడుతున్నారు? బ్యాట్ లోపల బెండు దట్టి మోసం చేసేవారని కూడా విన్నాను. దానివల్ల నిజంగా లాభం ఉందా?

జవాబు: రెండు ప్రశ్నలకూ మూలం ఒకటే కాబట్టి కలిపే చెబుతాను.

నూరేళ్ల కిందటి ప్రసిద్ధ బ్యాటర్ బేబ్ రూత్ 40 ఔన్సులకు పైబడిన బ్యాట్‌లు వాడాడు. ఇప్పటి ఆటగాళ్లలో ఎక్కువ మంది బ్యాట్‌లు 31 నుంచి 33 ఔన్సుల మధ్య ఉంటాయి. ఈ మార్పుకు కారణం ఒక చిన్న లెక్కలో ఉంది. మంచి చెక్క బ్యాట్ స్వీట్ స్పాట్ దగ్గర బంతి తగిలినప్పుడు, బంతి బ్యాట్‌ను వదిలే వేగం సుమారుగా బంతి వచ్చిన వేగంలో 0.2 వంతు, బ్యాట్ వేగానికి 1.2 రెట్లు, ఈ రెండింటి మొత్తానికి సమానం. పిచర్ చేతిలోంచి గంటకు 93 మైళ్ల వేగంతో బయలుదేరిన బంతి గాలి నిరోధం వల్ల బ్యాటర్‌ను చేరేసరికి 85 మైళ్లకు తగ్గుతుందనుకుందాం. బ్యాట్ 70 మైళ్ల వేగంతో తిరుగుతోంది. 85లో 0.2 వంతు 17, 70కి 1.2 రెట్లు 84, మొత్తం 101 మైళ్లు. అంటే ఆ దెబ్బలో పిచర్ విసిరిన వేగం వాటా 17, బ్యాటర్ తిప్పిన వేగం వాటా 84. బ్యాట్ వేగం ఒక మైలు పెరిగితే వచ్చే లాభం, పిచ్ వేగం ఒక మైలు పెరిగితే వచ్చే లాభానికి ఆరు రెట్లు.

బ్యాట్ బరువు పెంచితే ఆ 0.2 అనే అంకె కాస్త పెరుగుతుంది. కానీ అంత బరువును అంతే వేగంతో తిప్పడం మనిషి వల్ల కాదు కాబట్టి 70 మైళ్ల అంకె తగ్గుతుంది. బరువు తగ్గిస్తే దీనికి తిరగబడుతుంది. ఈ రెండూ దాదాపుగా ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. అందువల్ల కొంత పరిధిలో బరువును మార్చినా బంతి వేగం పెద్దగా మారదు. మారేది బ్యాటర్ అదుపు మాత్రమే. తేలిక బ్యాట్ పట్టినవాడు ఆలస్యంగా నిర్ణయం తీసుకోగలడు, పిచ్ మలుపు తిరిగితే సర్దుకోగలడు. ఈనాటి పిచర్ల వేగానికి ఆ వెసులుబాటు తప్పనిసరి.

ఇక బెండు సంగతి. 2003 జూన్ 3న షికాగో కబ్స్ బ్యాటర్ సామీ సోసా బ్యాట్ మ్యాచ్ మధ్యలో విరిగినప్పుడు లోపల బెండు బయటపడింది. తరువాత అతడి మిగతా 76 బ్యాట్‌లనూ ఎక్స్‌రే తీయిస్తే వాటిలో ఏమీ దొరకలేదు. బెండు బంతిని స్ప్రింగులా తన్నుతుందని చాలామంది నమ్ముతారు, అది నిజం కాదు. మందమైన చెక్క గోడ వెనక ఉన్న బెండుకు దెబ్బ తాలూకు ఒత్తిడే సరిగా చేరదు. దట్టడం వల్ల జరిగేదల్లా బ్యాట్ ఒక ఔన్సు పైచిలుకు తేలికవడమే. ప్రయోగశాలల్లో కొలిచి చూసినప్పుడు బెండు బ్యాట్‌తో బంతి మరింత దూరం పోయినట్టు తేలలేదు. తేలిక బ్యాట్ వల్ల బంతి తరచుగా తగలవచ్చు, అంతే. ఆ లాభం కావాలంటే నిబంధనల ప్రకారమే తేలికైన బ్యాట్ కొనుక్కోవచ్చు, లేదా చివర గుంట తొలిపించుకోవచ్చు. ఏ అవసరమూ లేని మోసానికి కొందరు తమ పేరును పణంగా పెట్టడం నాకు బాధ కలిగించే విషయం.

ప్రశ్న: మేపుల్ చెక్క బ్యాట్‌లు ఎందుకు ముక్కలుగా విరిగి ఎగురుతాయి? అవి ప్రమాదకరం కాదా?

జవాబు: వెనకటి కాలంలో బ్యాట్ అంటే యాష్ చెక్కే. 1990ల చివర మేపుల్ వచ్చింది. 2001లో బ్యారీ బాండ్స్ మేపుల్ బ్యాట్‌తో 73 హోమ్ రన్‌లు కొట్టి రికార్డు నెలకొల్పాక అందరి చూపూ దాని మీద పడింది. యాష్ చెట్లను ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు పెద్ద ఎత్తున నాశనం చేయడంతో ఆ చెక్క దొరకడం కూడా కష్టమైంది. మేపుల్ గట్టిదే. అయితే బంతికి అది అదనపు వేగం ఏమీ ఇవ్వదు. ఒకే ఆకారం, ఒకే బరువు ఉంటే రెండు చెక్కల దెబ్బలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు.

తేడా అంతా విరిగే తీరులో ఉంది. యాష్‌లో వార్షిక వలయాలు స్పష్టంగా కనిపిస్తాయి. బాగా వాడిన బ్యాట్ ఆ వలయాల వెంట పొరలు పొరలుగా లేస్తుంది, అయినా పిడినీ లావు భాగాన్నీ నార పట్టి ఉంచుతుంది. మేపుల్‌లో నార వరస కంటికి అంత సులభంగా కనిపించదు. అది బ్యాట్ పొడవుకు సమాంతరంగా కాక కాస్త ఏటవాలుగా ఉంటే, దెబ్బ తగిలిన మరుక్షణం పిడి దగ్గర అడ్డంగా తెగి పదునైన ముక్క మైదానంలోకి ఎగురుతుంది. 2008లో ఈ ప్రమాదాలు ఎక్కువైనప్పుడు మేజర్ లీగ్, అమెరికా అటవీ శాఖ ప్రయోగశాల శాస్త్రవేత్తల సాయం తీసుకుంది. విరిగిన బ్యాట్‌లను పోగుచేసి పరిశీలిస్తే నార ఏటవాలే ప్రధాన దోషమని తేలింది.

దానికి వారు కనిపెట్టిన పరీక్ష చూస్తే ముచ్చటేస్తుంది. పిడి మీద ఒక సిరా చుక్క పెడతారు. సిరా నార వెంట పాకి సన్నని గీతలా సాగుతుంది. ఆ గీత బ్యాట్ పొడవు దిశతో చేసే కోణం మూడు డిగ్రీలు దాటితే ఆ బ్యాట్ పనికిరాదు. ఈనాటికీ మేజర్ లీగ్ మేపుల్ బ్యాట్ పిడి మీద ఆ చుక్క కనిపిస్తుంది. దీనితోపాటు మేపుల్ బ్యాట్ మీద కంపెనీ ముద్ర వేసే చోటును కూడా పావు చుట్టు తిప్పించారు. ఆటగాళ్లు ముద్ర ఉన్న వైపు తప్పించి కొట్టడం ఆనవాయితీ కాబట్టి, ముద్ర జరిగితే బంతి తగిలే ముఖం కూడా జరిగి, చెక్క బలంగా ఉండే వైపుకు వస్తుంది. ఈ చర్యల తరువాత బ్యాట్‌లు ముక్కలై ఎగరడం సగానికి పైగా తగ్గింది. 2010లో గరిష్ఠ వ్యాసాన్ని 2.75 నుంచి 2.61 అంగుళాలకు కుదించారు. లావు భాగం మరీ బరువెక్కి, పిడి మరీ సన్నబడిన బ్యాటే తొందరగా విరుగుతుంది.

ప్రశ్న: అల్యూమినియం బ్యాట్‌ను ప్రొఫెషనల్ ఆటలో ఎందుకు అనుమతించరు?

జవాబు: బోలుగా ఉన్న లోహపు గోడ బంతి తగలగానే లోపలికి నొక్కుకుని మళ్లీ తన్నుతుంది. అప్పుడు బంతి తానే నలిగి శక్తిని వృథా చేసుకోవడం తగ్గుతుంది, వేగం పెరుగుతుంది. పిచర్ బంతి విసిరాక బ్యాటర్‌కు సుమారు 55 అడుగుల దూరంలో నిలబడి ఉంటాడు. 100 మైళ్ల వేగంతో తిరిగివచ్చే బంతి అతడిని సుమారు 0.4 సెకన్లలో చేరుతుంది. ఆ వేగాన్ని ఇంకా పెంచడం క్షేమం కాదు. అమెరికా కాలేజీ ఆటలో లోహపు బ్యాట్‌లు ఉన్నా, 2011 నుంచి వాటి తన్ను చెక్క బ్యాట్‌కు దగ్గరగా ఉండేలా పరిమితి విధించారు.

ప్రశ్న: 2019లో మేజర్ లీగ్‌లో హోమ్ రన్‌లు విపరీతంగా పెరిగాయని, బంతిని రహస్యంగా మార్చారని ఆరోపణలు వచ్చాయని చదివాను. అసలు బంతి లోపల ఏముంటుంది? అందులో ఏ మార్పు వస్తే అంత తేడా వస్తుంది?

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు మీకు ధన్యవాదాలు. మొత్తం విషయానికి కీలకం ఇక్కడే ఉంది.

బంతి నడుమ బెండు, రబ్బరు కలిపిన చిన్న గుండు ఉంటుంది. దాని మీద మూడు వరసల ఊలు దారం, ఆపైన ఒక వరస సన్నని నూలు కలిపిన దారం బిగించి చుడతారు. మొత్తం దారం సుమారు 370 గజాలు. పైన రెండు ఆవుతోలు ముక్కలను 108 జంట కుట్లతో కలుపుతారు. తోలు ముక్కలను ఏ యంత్రమూ తృప్తికరంగా కుట్టలేకపోయింది. కోస్టారికాలోని తురియాల్బా పట్టణంలో రాలింగ్స్ కంపెనీ కర్మాగారంలో మనుషులే రెండు సూదులతో ఒక్కొక్క బంతిని కుడతారు. నిబంధన ప్రకారం బరువు 5 నుంచి 5.25 ఔన్సులు, చుట్టుకొలత 9 నుంచి 9.25 అంగుళాలు ఉండాలి. ఊలు, తోలు, బెండు అన్నీ సహజ పదార్థాలు, కుట్టేది మనుషుల చేతులు. కాబట్టి ఏ రెండు బంతులూ అచ్చంగా ఒకేలా ఉండవు.

ఇప్పుడు అంకెలు చూడండి. మేజర్ లీగ్‌లో 2014లో 4,186 హోమ్ రన్‌లు వచ్చాయి. 2017లో 6,105, 2019లో 6,776 వచ్చాయి. అయిదేళ్లలో 60 శాతం పైగా పెరుగుదల ఇది. బ్యాట్ నిబంధనలు ఆ కాలంలో మారలేదు. బ్యాటర్లు బంతిని పైకి లేపి కొట్టడం నేర్చుకున్నారన్నది నిజమే, కానీ అది ఒక్కటే ఇంత మార్పు తేలేదు.

మేజర్ లీగ్ నియమించిన శాస్త్రవేత్తల సంఘం భౌతికశాస్త్రవేత్త ఆలన్ నేథన్ నాయకత్వంలో 2018లో మొదటి నివేదిక ఇచ్చింది. చాలామంది అనుమానించినట్టు బంతి ఎక్కువగా తన్నడం, అంటే ప్రత్యావస్థాన గుణకం పెరగడం, ఇందుకు కారణం కాదని అది తేల్చింది. మారింది గాలి నిరోధం. బ్యాట్‌ను వదిలిన బంతి అదే వేగంతో, అదే కోణంలో లేచినా, గాలిలో దాని వేగం మునుపటి కంటే తక్కువగా తగ్గుతోంది. 2019 డిసెంబరులో వచ్చిన రెండో నివేదిక ఆ ఏటి పెరుగుదలలో సుమారు 60 శాతం గాలి నిరోధం తగ్గడం వల్ల, 40 శాతం బ్యాటర్లు కొట్టే తీరు మారడం వల్ల వచ్చిందని అంచనా వేసింది.

గాలికి ఇంత శక్తి ఉందా అని మీకు అనిపించవచ్చు. 100 మైళ్ల వేగంతో 28 డిగ్రీల కోణంలో లేచిన బంతి, గాలే లేకపోతే సుమారు 550 అడుగులు వెళ్లాలి. నిజంగా వెళ్లేది 400 అడుగుల దగ్గర. అంటే దూరంలో నాలుగో వంతుకు పైగా గాలి లాగేసుకుంటోంది. ఆ లాగుడు కొన్ని శాతం తగ్గినా బంతి మరికొన్ని అడుగులు వెళ్తుంది. ప్రహరీ దగ్గర ఫీల్డర్ పట్టుకోవలసిన బంతి ప్రేక్షకుల మధ్య పడటానికి ఆ కొన్ని అడుగులు చాలు. హోమ్ రన్‌కూ అవుట్‌కూ మధ్య తేడా చాలాసార్లు అంతే.

గాలి నిరోధం ఎందుకు తగ్గింది? జవాబులో ఒక భాగం కుట్లలో దొరికింది. కుట్లు తోలు మీద ఎంత పొంగి ఉంటే గాలి అంత ఎక్కువగా చెదిరి బంతిని వెనక్కు లాగుతుంది. 2018 బంతులతో పోలిస్తే 2019 బంతుల కుట్ల ఎత్తు సగటున అంగుళంలో వెయ్యో వంతు కంటే తక్కువ మేరకే తగ్గింది. వేలితో తడిమితే తెలిసే తేడా కాదు ఇది. అయినా నిరోధంలో వచ్చిన మార్పులో సుమారు మూడో వంతుకు అదే కారణమని సంఘం లెక్కకట్టింది. తయారీదారు కావాలని మార్చినట్టు ఆధారం లేదని, చేతిపని వస్తువులో సహజంగా వచ్చే తేడాయే ఇదని కూడా చెప్పింది.

దీనికి అదే ఏడాది మరో చోట అనుకోకుండా రుజువు దొరికింది. మేజర్ లీగ్‌కు ఒక మెట్టు కింద ఉండే ట్రిపుల్–ఏ స్థాయిలో 2018 వరకు వేరే బంతి వాడేవారు. 2019లో అక్కడ కూడా మేజర్ లీగ్ బంతినే ప్రవేశపెట్టారు. అవే మైదానాలు, అదే స్థాయి ఆటగాళ్లు, అవే బ్యాట్‌లు. హోమ్ రన్‌లు మాత్రం ఒక్క ఏడాదిలో సగానికి పైగా పెరిగాయి. బంతి ప్రభావం మీద ఇంతకంటే స్పష్టమైన ప్రయోగాన్ని ఎవరైనా కోరి చేయించినా ఇంత బాగా కుదిరేది కాదు.

2021 సీజన్‌కు ముందు మేజర్ లీగ్ తానే ముందుకొచ్చి మార్పు ప్రకటించింది. మొదటి వరస ఊలును కాస్త వదులుగా చుట్టించి, బంతి బరువును మూడు గ్రాముల లోపు తగ్గించి, దాని తన్నును కూడా కొద్దిగా తగ్గించింది. కానీ ఆ ఏడాది పాత బంతులు, కొత్త బంతులు రెండూ మ్యాచ్‌లలో వాడినట్టు తరువాత బయటపడింది. కరోనా కాలంలో ఉత్పత్తి తగ్గడమే అందుకు కారణమని లీగ్ చెప్పింది. కారణం ఏదైనా, ఒక మ్యాచ్‌లో ఏ బంతి వస్తుందో పిచర్‌కూ బ్యాటర్‌కూ తెలియకపోవడం న్యాయం కాదని నా గట్టి నమ్మకం. ఆటగాడి జీతమూ, జట్టులో స్థానమూ ఆ అంకెల మీదే ఆధారపడి ఉంటాయి.

ప్రశ్న: డెన్వర్‌లో బంతులను తేమ గదిలో ఉంచుతారట. ఎందుకు?

జవాబు: కొలరాడో రాకీస్ జట్టు ఆడే కూర్స్ ఫీల్డ్ సముద్రమట్టానికి సుమారు 5,200 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉండేదానిలో అయిదింట నాలుగు వంతులే కాబట్టి బంతికి నిరోధం తక్కువ, పైగా పిచర్ వేసే బంతి మలుపు కూడా తగ్గుతుంది. దానికి తోడు అక్కడి పొడి గాలిలో ఊలు, తోలు ఎండిపోయి బంతి గట్టిపడి ఎక్కువగా తన్నేది. ఎత్తును ఎవరూ మార్చలేరు. అందుకని 2002లో ఉష్ణోగ్రత, తేమ అదుపులో ఉండే గదిని కట్టి, బంతులను అందులో నిల్వ చేయడం మొదలుపెట్టారు. తేమ పట్టిన బంతి కాస్త బరువెక్కుతుంది, మెత్తబడుతుంది, తక్కువగా తన్నుతుంది. ఆ తరువాత అక్కడ హోమ్ రన్‌లు సుమారు నాలుగో వంతు తగ్గాయి.

2018లో ఎడారి నగరమైన ఫీనిక్స్‌లో అరిజోనా జట్టు, 2022 నాటికి మొత్తం 30 మైదానాలూ ఇదే పద్ధతికి వచ్చాయి. సముద్ర తీరాన తేమ ఎక్కువగా ఉండే ఊళ్లలో మాత్రం దీని ఫలితం తిరగబడే అవకాశం ఉంది. ఎందుకంటే అక్కడ గదిలోని గాలి బయటి గాలి కంటే పొడిగా ఉండవచ్చు, అప్పుడు బంతి మునుపటి కంటే గట్టిపడుతుంది.

ప్రశ్న: జపాన్‌లో వ్లాదిమిర్ బాలెంటీన్ 2013లో 60 హోమ్ రన్‌లు కొట్టి ‘సదహరు ఓ’ అనే ఆటగాడి పాత రికార్డును దాటాడు. అదే ఏడాది అక్కడ బంతిని మార్చారని కూడా అంటారు. మరి ఆ రికార్డు నిజమైనదేనా?

జవాబు: జపాన్ ప్రొఫెషనల్ లీగ్‌లో 2011కు ముందు ఒక్కో జట్టు తన సొంత మైదానంలో ఏ కంపెనీ బంతి వాడాలో తానే నిర్ణయించుకునేది. ఆ ఏడాది మిజునో కంపెనీ తయారుచేసిన ఒకే బంతిని అన్ని జట్లకూ తప్పనిసరి చేశారు. అది మునుపటి బంతుల కంటే తక్కువగా తన్నేది. 2010లో 1,605గా ఉన్న హోమ్ రన్‌లు 2011లో 939కి, 2012లో 881కి పడిపోయాయి. ఆటగాళ్లు మారలేదు, బ్యాట్‌లు మారలేదు. దాదాపు సగం హోమ్ రన్‌లు బంతి నడుమ ఉన్న రబ్బరులోనే మాయమయ్యాయి.

2013లో హోమ్ రన్‌లు మళ్లీ పెరిగినప్పుడు బంతి మారిందా అని అందరూ అడిగారు. లీగ్ కాదంది. చివరికి జూన్‌లో, బంతి ఎక్కువగా తన్నేలా మార్పించిన మాట నిజమేనని ఒప్పుకోవలసి వచ్చింది. ఆటగాళ్లకు ఒక్క ముక్క చెప్పకుండా జరిగిన పని అది. వివాదం ముదిరి కమిషనర్ ర్యోజో కాటో పదవి వదులుకున్నారు. బంతిని మార్చడం తప్పు కాదు. పడిపోయిన ఆటను సరిదిద్దడానికి అది అవసరమే కావచ్చు. దాచిపెట్టడమే తప్పు. తన చేతిలోని బంతి ఏమిటో తెలుసుకునే హక్కు పిచర్‌కు ఉంది.

ఇక బాలెంటీన్ సంగతి. 2013లో లీగ్ మొత్తం హోమ్ రన్‌లు 1,311. అంటే ముందటి ఏడాదికి దాదాపు ఒకటిన్నర రెట్లు. కాబట్టి అతడికి కొత్త బంతి సాయపడిందనడంలో సందేహం లేదు, 2012 నాటి బంతితో 60 చేరడం చాలా కష్టమయ్యేది. కానీ 1964లో ‘సదహరు ఓ’ 55 హోమ్ రన్‌లు కొట్టిన నాటి బంతి కూడా 2012 బంతి కాదు. ఏ కాలపు రికార్డునైనా ఆ కాలంలో అదే బంతితో ఆడిన మిగతావారి పక్కన పెట్టి చూడటమే సరైన పద్ధతి. 2013లో బాలెంటీన్ ఆడిన సెంట్రల్ లీగ్‌లో (జపాన్ ప్రొఫెషనల్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటి) అదే బంతిని కొట్టి రెండో స్థానంలో నిలిచిన బ్యాటర్ 41 దగ్గర ఆగాడు. బాలెంటీన్‌కూ అతడికీ మధ్య ఉన్న 19 హోమ్ రన్‌ల తేడాను బంతి ఖాతాలో వేయలేం.